ఎనభై మాటలు దాటకుండా

నా భార్య వసుంధర పోయిన నాలుగో నెలలో డాక్టరు మీద ఫిర్యాదు రాయడం మొదలుపెట్టాను. శని, ఆదివారాల్లోనే రాసేవాణ్ణి. మిగతా ఐదు రోజులూ ఇంట్లో దాదాపు ఖాళీగా ఉండేవాణ్ణి, కావాలంటే అప్పుడే రాసుకోవచ్చు. కాని పని ఉన్న రోజుల్లోనే నాకు కోపం కూడా సరిగ్గా పనిచేస్తుంది.

నా పని ఇంగ్లీషు చెప్పడం. టోవా పాయోలో షాపుల వరస పైన రెండో అంతస్తులో ట్యూషన్ సెంటరు. సింగపూరు పిల్లలకి వారమంతా వెళ్ళిన బడి చాలదు. శనివారం పొద్దున తొమ్మిదికి మా మెట్లెక్కుతారు. సాయంత్రం ఆరు దాకా నాకు నాలుగు బ్యాచ్‌లు. మెట్ల దగ్గర బోర్డు మీద నవ్వుతున్న తెల్లవాడి ఫోటో ఉంటుంది. అతను మా సెంటరులో ఒక్కరోజు కూడా పనిచెయ్యలేదు. పైకి వచ్చిన తల్లిదండ్రులు ముందు నన్ను చూస్తారు, తర్వాత నా వెనక ఇంకెవరన్నా ఉన్నారేమోనని చూస్తారు. "మీరు ఇండియానా?" అంటారు. అవునంటాను. నెల తిరిగేసరికి అడగడం మానేస్తారు. పొదిలి దగ్గర పల్లెలో ఆరో తరగతికి వచ్చాక ఏబీసీడీలు దిద్దినవాణ్ణి నేను. నా ఇంగ్లీషుకి అంటిన మా ఊరి మట్టి వదిలేదాకా ఇరవై ఏళ్ళు తోముకున్నాను.

అందులోనూ నాకు పేరొచ్చింది సంక్షిప్తం దగ్గర. సెకండరీ ఆఖరి ఏటి పిల్లలకి పబ్లిక్ పరీక్షలో పెద్ద వ్యాసం ఒకటి ఇచ్చి, ఎనభై మాటలు దాటకుండా దాని సారం రాయమంటారు. చాలామంది అక్కడ మార్కులు పోగొట్టుకుంటారు. నా దగ్గరికి వచ్చినవాళ్ళు పోగొట్టుకోరు. ఎర్రపెన్ను చేతికిచ్చి చెబుతాను: పోలిక కనిపిస్తే కొట్టెయ్. ఉదాహరణ కొట్టెయ్. చెప్పిందే మళ్ళీ చెబితే కొట్టెయ్. ఇంట్లోవాళ్ళు ఏమన్నారన్నది కొట్టెయ్. మిగిలిందే విషయం.

అలాంటి నేను రాసిన ఫిర్యాదు జులై వచ్చేసరికి పదకొండు పేజీలయింది.

దానికి ఒక సంతకం కావాలి. ఒక శనివారం సాయంత్రం హౌగాంగ్‌లో మా ఫ్లాటుకి వచ్చేసరికి అక్షర సోఫాలో కాళ్ళు ముడుచుకుని, గిన్నెలోంచే నూడుల్స్ తింటోంది. మా అమ్మాయి. ఇరవై ఏళ్ళు. పాలిటెక్నిక్ ఆఖరి సంవత్సరం. వాళ్ళమ్మ ఉన్నప్పుడు గిన్నెలో తిననిచ్చేది కాదు.

"ఇది చదివి కింద సంతకం పెట్టు," అని కాయితాలు ముందు పెట్టాను.

"వాట్ ఈజ్ ఇట్?"

"క్లినిక్ వాళ్ళకి. మూడోసారి వెళ్ళినప్పుడు నువ్వు గదిలోనే ఉన్నావు. సాక్షివి."

"సాక్షి మీన్స్?"

"చూసినదానివి. విన్నదానివి."

అక్షర మొదటి పేజీ మీద చెయ్యి పెట్టింది గాని తిప్పలేదు. నూడుల్స్ చల్లారిపోతున్నాయి.

"నాట్ నౌ, నాన్నా. ప్రాజెక్ట్ సబ్మిషన్ ఉంది లా." ఆ 'లా' ఇక్కడి పిల్లల మాటలకి ఉండే తోక.

"సంతకానికి ఎంతసేపు పడుతుంది?"

"సంతకం కాదు. చదవాలి కదా." గిన్నె తీసుకుని గదిలోకి వెళ్ళిపోయింది.

తర్వాతి వారమూ అడిగాను. ఆ తర్వాతి వారమూ అడిగాను. ఎప్పుడూ ఏదో ఒకటి. తల్లిని చంపిన మనిషి మీద ఒక్క సంతకం పెట్టలేని పిల్లని కన్నామా అనుకున్నాను. పైకి కూడా అన్నాను. అక్షర తలుపు గట్టిగా వెయ్యలేదు, నెమ్మదిగా వేసింది. దానికే నాకు ఎక్కువ మండింది.

ఆదివారం పది నుంచి పన్నెండు దాకా మనవైపు నుంచి కూలిపనికి వచ్చినవాళ్ళకి ఒక సంఘం హాల్లో ఊరికే ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. అది నాకు నేనుగా పెట్టుకున్న పని కాదు, వసుంధర పెట్టించింది. పది మందికి పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుని నాతో వచ్చి వెనక బెంచీలో కూర్చునేది. ఇప్పుడు పులిహోర లేదు. అయినా వాళ్ళు వస్తూనే ఉన్నారు.

అందరికంటే పెద్దవాడు దానయ్య. నలభై ఆరేళ్ళు. శ్రీకాకుళం అవతల పల్లె, షిప్‌యార్డులో వెల్డింగు. ఆగస్టులో ఒక ఆదివారం, డాక్టరు దగ్గర ఎలా మాట్లాడాలన్నది పాఠం. దానయ్యని లేపాను.

"ఒంట్లో ఏం బాగాలేదో చెప్పు. ఇంగ్లీషులో."

"ముందు తెలుగులో సెప్పుకుంతాను మేస్టారూ. నిజింగానే బాగునేదండి. జూన్ నుంచీ ఎడం కాలు బొటనేలు నాది కానట్టుంటాది. బూటులో ఎవులిదో ఏలు ఎట్టినట్టు. కూకుంటే ఏటీ నేదు. నిచ్చెనెక్కితే పిక్కలోకి కరెంటు కొట్టీసినట్టు. మా బాలనాగమ్మ వీడియోలో సూసి, నీ నడక మారిపోనాది, ఎవులో కొత్తోడు నడిసినట్టున్నాదంది..."

బాలనాగమ్మ అతని భార్య.

"చాలు. ఆ కథంతా డాక్టరుకి ఎందుకు? లెగ్ పెయిన్. 'డాక్టర్, ఐ హావ్ లెగ్ పెయిన్.' అను."

"ఐ హావ్ లెగ్ పెయిన్." దానయ్య తన బూటువైపు చూసుకున్నాడు. "మరి ఆ ఏలు సంగతో?"

"అదక్కర్లేదు."

"ఏలక్కర్నేదట్రా దానయ్యా, కోసీసి ఇచ్చీ," అన్నాడు వెనకనుంచి ఎవడో. హాలంతా నవ్వారు. దానయ్య కూడా నవ్వి, పుస్తకంలో వంగి రాసుకున్నాడు. క్లాసయ్యాక బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మేస్టారూ, మీరొక్కపాలి డాక్టరు కాడికి నాతోటి వొస్తే..."

"నాకు పనుంది, దానయ్యా. నేర్పాను కదా. వెళ్ళి చెప్పు."

నాకు నిజంగానే పనుంది. ఆదివారం మధ్యాహ్నం పాసిర్ రిస్ బీచికి వెళ్ళి ఫిర్యాదు దిద్దుకోవాలి.

పాసిర్ రిస్ మా సెలవు. పదమూడేళ్ళు ప్రతి ఆదివారం అక్కడికే వెళ్ళాం. వసుంధర సముద్రం వైపు తిరిగి కూర్చునేది, నేను సముద్రానికి వీపు పెట్టి పేపర్లు దిద్దేవాణ్ణి. ఎదురుగా ఓడలు లంగరేసి ఉంటాయి. అవి ఎక్కడివని అడిగేది. తెలియదనేవాణ్ణి. తెలుసుకోవచ్చు కదా అనేది. కిందటేడు అక్టోబరులో అదే బెంచీ మీద, మోకాళ్ళు పొట్టకి అదుముకుని ముందుకు వంగి కూర్చోవడం మొదలుపెట్టింది.

"ఏందో అండీ, వెనక్కి వాలితే వీపులోంచి రోకలి దించినట్టుంటంది. ఇట్టా వంగితే కాస్త మేలు. తాలింపు వాసనొస్తే కడుపులో తిప్పుద్ది. ఇవి చూడండి," అని చెయ్యి పైకెత్తింది. రెండు గాజులు ముంజేతి మీంచి జారి మోచేతి దగ్గర ఆగాయి. "ఎప్పుడన్నా ఇట్టా జారినయ్యా?"

"రేపు డాక్టరుకి చూపిద్దాం," అన్నాను. నా చేతిలో ఇంకా తొమ్మిది పేపర్లున్నాయి.

చూపించాను. మా బ్లాకుకి దగ్గర్లో ఉన్న క్లినిక్. అక్టోబరులో ఒకసారి, నవంబరులో ఒకసారి, డిసెంబరులో అక్షరని కూడా తీసుకుని మూడోసారి. మూడుసార్లూ ఒకే డాక్టరు, ముప్పై దాటని చైనీసు అమ్మాయి. మూడుసార్లూ గ్యాస్ మాత్రలు. జనవరిలో కళ్ళు పచ్చబడ్డాక పెద్దాసుపత్రికి తీసుకెళితే క్లోమంలో కేన్సరన్నారు, ఆలస్యమైందన్నారు. ఫిబ్రవరిలో అయిపోయింది.

ఇదంతా రాశాను. నాలుగో పేజీలో రోకలి గురించి, తాలింపు వాసన గురించి, గాజుల గురించి రాశాను. వాటి కింద ఇలా రాశాను: నా భార్య మూడుసార్లూ ఈ లక్షణాలన్నీ డాక్టరు ఎదుట స్పష్టంగా చెప్పింది. అందులో అబద్ధం ఏమీ లేదు. చెప్పింది. పూసగుచ్చినట్టు చెప్పింది.

సంతకం లేకుండానే పంపాను. సెప్టెంబరులో పిలుపు వచ్చింది, శనివారం మధ్యాహ్నం రెండింటికి, డాక్టరూ మేనేజరూ ఇద్దరూ ఉంటారని. పిల్లల పరీక్షలు నెలరోజుల్లో ఉన్నాయి. అయినా రెండు బ్యాచ్‌లు రద్దు చేశాను. ఇరవై ఏళ్ళలో అదే మొదటిసారి. పెళ్ళాం చితి మీద ఉన్న వారం కూడా నేను క్లాసు రద్దు చెయ్యలేదు. అదేదో గొప్పని చెప్పడం లేదు.

"నువ్వు రానక్కర్లేదు," అన్నాను అక్షరతో. "సంతకమే పెట్టనిదానివి."

"వస్తాను," అంది. తెల్లచొక్కా వేసుకుని ముందే లిఫ్టు దగ్గర నిలబడింది.

గదిలో పొడుగాటి బల్ల. మేనేజరు చైనీసు పెద్దాయన, మర్యాదగా ఉన్నాడు. డాక్టరు ముందు మూడు కాయితాలు. ఆమె చేతులు బల్ల మీద పెట్టి ఒకదానితో ఒకటి పట్టుకుని ఉంది. భయపడుతోంది. సంతోషించాను.

"మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను," అంది. "ముందుగా, నాకు చాలా బాధగా ఉంది. కాని నాలుగో పేజీలో ఉన్న విషయాలు నేను వినలేదు. నా నోట్స్ చదవమంటారా?"

చదవమన్నాను.

చదివింది. మొదటిసారి: పైపొట్టలో అసౌకర్యం, రెండు వారాలుగా. కారం ఎక్కువ తింటారు. రెండోసారి: అదే అసౌకర్యం, కొంత తగ్గింది. బరువు తగ్గడం లేదు, భర్త చెప్పిన ప్రకారం. వీపు నొప్పి లేదు, భర్త చెప్పిన ప్రకారం. మూడోసారి: మార్పు లేదు. నిద్ర సరిగా లేదు. ఆందోళన మనిషి, భర్త చెప్పిన ప్రకారం.

"నా భార్య చెప్పింది," అన్నాను. నా గొంతు పెద్దదైంది. "నీ ఎదురుగా కూర్చుని చెప్పింది. గాజులు చూపించింది. నా కూతురు ఇక్కడే ఉంది. అడుగు."

ముగ్గురం అక్షర వైపు తిరిగాం.

"షీ సెడ్ ఇట్," అంది అక్షర వాళ్ళతో. "ఇన్ తెలుగు. ఆల్ ఆఫ్ ఇట్."

అక్షర నా వైపు తిరిగింది. నాలుగైదు నెలలుగా ఇంట్లో ఇంగ్లీషు కలిపిన ముక్కలే విసిరిన పిల్ల, తల్లి మాట్లాడినట్టు మెల్లిగా తెలుగులో మాట్లాడింది.

"బయటికి వచ్చాక అమ్మ అడిగింది నాన్నా. గాజుల సంగతి చెప్పారా అని. చెప్పానన్నావు నువ్వు."

మేనేజరు నీళ్ళ సీసా మూత తీసి నా వైపు జరిపాడు.

ఆ కాయితాలు నా ముందుకి లాక్కున్నాను. ఏం చెయ్యాలో తెలియక లెక్కపెట్టాను. ఇంగ్లీషు ముక్క చేతికొస్తే లెక్కపెట్టడం నాకు అలవాటు. మూడు రోజుల నోట్సూ కలిపి డెబ్భై నాలుగు మాటలు. ఒక్క పోలిక లేదు. చెప్పిందే మళ్ళీ చెప్పడం లేదు. ఇంట్లోవాళ్ళ గొడవ లేదు. నా బ్యాచ్‌లో పిల్లవాడెవడన్నా అలా రాసి తెస్తే నిండు మార్కులు వేసేవాణ్ణి. డాక్టరు రాసింది అంతే. చెప్పింది నేను.

రోకలిని ఇంగ్లీషులో ఏమంటారో నాకు తెలుసు. గాజులనీ తెలుసు. ఆ చల్లని గదిలో ఆ అమ్మాయి ముందు ఆ మాటలు నా నోటినుంచి వస్తే, మెట్ల దగ్గర తల్లిదండ్రులు చూసినట్టు చూస్తుందేమోనని సిగ్గుపడ్డాను. ఇరవై ఏళ్ళు తోముకున్న మట్టి మళ్ళీ కనిపిస్తుందేమోనని. వసుంధర అయిదు నిమిషాలు చెబితే నేను అర నిమిషంలో తేల్చాను. బరువు తగ్గిందా అని డాక్టరు అడిగితే పక్కకి తిరిగి అడగను కూడా అడగలేదు. లేదని నేనే చెప్పేశాను. "ఏమంటన్నారండీ?" అని వసుంధర అంటే, "ఏం లేదు," అన్నాను.

అలాగని ఆ డాక్టరుని వదిలేశానని ఎవరూ అనుకోవద్దు. మూడుసార్లూ ఆమె నా మొహం చూసే అడిగింది. జబ్బు మనిషి మొహం ఒక్కసారీ చూడలేదు. ఆ సంగతి ఆ రోజే చెప్పాను. తల వంచుకుంది. నేను లేచి వచ్చేశాను. పై వాళ్ళకి ఫిర్యాదు చేస్తానని ఉత్తరంలో బెదిరించినవాణ్ణి, చెయ్యలేదు. వెనక్కి తీసుకుంటున్నానని కూడా రాయలేదు. ఆ పదకొండు పేజీల నకలు ఇప్పటికీ అలమారలో వసుంధర చీరల కిందే ఉంది.

రైల్లో అక్షర నా పక్కనే కూర్చుంది.

అక్టోబరు మొదటి వారంలో స్నేహితురాలితో కలిసి పాసిర్ రిస్‌లో గది తీసుకుంటున్నానని చెప్పింది. కాలేజీకి దగ్గరంది. దగ్గరేమీ కాదు.

"నా మీద కోపంతో పోతున్నావా?"

"కోపం కాదు నాన్నా. నీకేదన్నా చెప్పాలంటే..." ఇంగ్లీషులోకి దూకబోయి ఆగింది. "నేను సగంలో ఉండగానే నువ్వు షార్ట్ చేసేస్తావు. తర్వాత అదే నేనన్నానంటావు."

"మళ్ళీ ఎప్పుడు వస్తావు?"

"సీ హౌ లా." చూద్దాంలే అని.

తల్లి గాజులు రెండూ తీసుకుపోయింది. అడగలేదు, నేనూ వద్దనలేదు. ఫ్లాటులో మూడు గదులు మిగిలాయి. అందులో రెండింటి లైట్లు వెయ్యాల్సిన పని లేదు.

పిల్లలు పరీక్ష రాశారు. సంక్షిప్తం ఈసారి తేలిగ్గా వచ్చిందని, సార్ చెప్పినట్టే అన్నీ కొట్టేశామని మెసేజీలు పెట్టారు. అభినందనలని రాశాను. వచ్చే ఏటి బ్యాచ్‌కి అప్పుడే ఇరవై ఇద్దరు చేరారు. బోర్డు మీద తెల్లవాడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

అక్టోబరు చివరి ఆదివారం దానయ్య బల్ల దగ్గరికి వచ్చాడు. చేతిలో చిన్న ఆయింట్‌మెంటు ట్యూబు, అడుగుదాకా నొక్కేసింది.

"ఎల్లేను మేస్టారూ. మీరు సెప్పినట్టే సెప్పేను. లెగ్ పెయినన్నాను. ఇదిచ్చీసి పంపించీసినారు. మూడు ట్యూబులైపోనాయి. ఇప్పుడు ఏలొక్కటే కాదండి, పాదమే నాది కాదు. నిన్న నిచ్చెన మీద జారిపోనాను. పక్కోడు పట్టుకున్నాడు గాని..." నవ్వడానికి చూశాడు. "ఇంటికి పంపించీస్తారేమోనని బయిమేస్తంది."

"పద," అన్నాను.

"ఎక్కడికండి?"

"డాక్టరు దగ్గరికి. ఇప్పుడే."

ఆదివారం కూడా తెరిచి ఉండే క్లినిక్. గంటన్నర కూర్చున్నాం. లోపల కుర్ర డాక్టరు. మమ్మల్నిద్దర్నీ చూసి, నా కళ్ళజోడు చూసి, నన్ను అడిగాడు. "ఏమిటి సమస్య, అంకుల్?"

"అతన్ని అడగండి. నేను ఉన్నదున్నట్టు చెబుతాను."

దానయ్య చెప్పాడు. ఒక్కో ముక్కా ఇంగ్లీషులో పెట్టాను. బొటనవేలు తనది కానట్టుంటుందట. బూటులో ఇంకొకరి వేలు పెట్టినట్టుంటుందట. నిచ్చెన ఎక్కితే పిక్కలోకి కరెంటు కొట్టినట్టట. అతను ఆగినచోట ఆగాను, మళ్ళీ చెప్పింది మళ్ళీ చెప్పాను. నా నోట్లో ఆ ఇంగ్లీషు ముతకగా, పల్లెటూరి ఇంగ్లీషులా ఉంది. డాక్టరు చేతి గడియారం చూసుకున్నాడు.

"అంకుల్, బయట జనం ఉన్నారు. క్లుప్తంగా ఒక్క మాటలో చెప్పండి. కాలు నొప్పి, అంతేగా?"

క్లుప్తంగా చెప్పడంలో టోవా పాయో మొత్తానికి నన్ను మించినవాడు లేడు.

"కాదు," అన్నాను. దానయ్య వైపు తిరిగాను. "ఇంకా చెప్పు."

"అంతేనండి. అయిపోనాది."

"అవలేదు. బాలనాగమ్మ ఏమంది?"

"అదెందుకులెండి మేస్టారూ, ఆడమనిషి ఏదో అంది. ఈయనకక్కర్నేదు."

"చెప్పు."

దానయ్య తల గోక్కున్నాడు. "నీ నడక మారిపోనాది, ఎవులో కొత్తోడు నడిసినట్టున్నాదందండి."

అదీ చెప్పాను. భార్య పేరుతో సహా చెప్పాను. కీబోర్డు మీద డాక్టరు వేళ్ళు ఆగాయి. మొదటిసారి దానయ్య మొహం చూశాడు, తర్వాత కాళ్ళు చూశాడు.

"ఒకసారి నడవమనండి," అన్నాడు.

దానయ్య బూట్లు విప్పి గది ఈ గోడనుంచి ఆ గోడకి నడిచాడు. కుడిపాదం చప్పుడు లేకుండా పడింది. ఎడమపాదం ముందు వేళ్ళాడి, తర్వాత తడిగుడ్డ పడేసినట్టు టపీమని నేల మీద పడింది. డాక్టరు లేచి నిలబడ్డాడు. ఇంకోసారి నడవమన్నాడు. ఆ చప్పుడు ఆ చిన్న గదిలో చాలా పెద్దగా వినిపించింది.

జూన్ నుంచీ ప్రతి ఆదివారం దానయ్య నా బల్ల ముందునుంచే నడిచి వెళ్ళి, వసుంధర కూర్చునే ఆ వెనక బెంచీలో కూర్చునేవాడు.